మన తాబేలు గుడ్లు కూరకి కావు

ఆదిలక్ష్మీ,

మన తాబేలు గుడ్లు పెట్టింది! అరటి పాదులో గొయ్యి తవ్వి పెట్టి, తనే మట్టి కప్పేసింది. నువ్వు నీళ్ళకెళ్ళావు, ఇక్కడ ఏలూరు పడవ కదులుతోంది. అందుకే రాసిపెట్టి పోతున్నా.

ఆ పాదులో నీళ్ళు పొయ్యకు. నీకు జాలెక్కువ, గుడ్లు తీసి పొదుగు కోడి కింద పెడతావేమో, ఆ పని చెయ్యకు. కోడి గుడ్లని దొర్లిస్తుంది. ఇవి దొర్లితే లోపల పిల్ల బతకదు.

సంగతి తెలిస్తే మా బావ జగ్గయ్య పరిగెత్తుకొస్తాడు, పులుసు పెట్టమంటాడు. తినకూడదని నేననను. కొల్లేటివాళ్ళం, చిన్నప్పుడు మా అక్క ఉడకేసి పెడితే నేనూ తిన్నవాణ్ణే. కానీ ఇది మన కంచంలో మెతుకులు తిని పెరిగింది. పైగా "ఆ ఇంట్లో తాబేలు కూడా గొడ్డేనర్రా" అని నలుగురిలో నవ్వింది ఆ బావే. ఆ పూట నువ్వు అన్నం ముట్టలేదు. నేను మరిచిపోయాననుకున్నావా? మొన్న వరదకి మన తాబేలు కొల్లేట్లోకి కొట్టుకుపోయింది, మళ్ళీ మన గుమ్మం వెతుక్కుంటూ వచ్చినప్పుడే అనుకున్నా, ఇది ఊరికే రాలేదని.

సోమరాజు

ఇంకో మాట. బావ వస్తే తలుపు దగ్గరే నిలబెట్టి, "మా ఇంట్లో పురుడండీ అన్నయ్యగారూ" అని చెప్పు. వీధంతా వినపడేలా చెప్పు. పురుటింట్లో పైవాళ్ళు ముద్ద ముట్టరు. ఇక పులుసెలా అడుగుతాడో అడగనీ!