సూది దిగిన పన్ను

సుల్తానాబాద్, 1962, బుధవారం రాత్రి

మూడు నెలల కింద దవాఖానలో డాక్టరమ్మ నా తొమ్మిదేళ్ళ బిడ్డ ఎస్తేరు ఎడమ కోరపన్ను మీద సున్నం చుక్కలాంటి తెల్లమచ్చ చూపింది. "ఇంకా పుచ్చలే. మందు పూస్తే మల్ల గట్టిపడ్తది," అని ఫ్లోరైడు పూసింది. పాడైనదాన్ని బాగుచేసేది ప్రభువొక్కడే, ఈమె ఎవరు? మందు సంగతి తేల్చాలని రోజూ ప్రార్థన కాగానే ఎస్తేరు నోరు తెరిపించి మచ్చను సూదితో గుచ్చి చూశాను. ఏడిస్తే కొట్టాను. నిన్న మొన లోపలికి దిగింది. మందు పనిచేయలేదు, నేనే గెలిచాననుకున్నాను.

ఈరోజు డాక్టరమ్మ పన్నును దూదితో తుడిచి, ఆరనిచ్చి, వెలుతురులో అద్దం పెట్టి చూసింది.

"మచ్చ అంచులు మెరుస్తున్నయి, గట్టిపడ్డది. గీ నడుమ తొర్ర మాత్రం పుచ్చి పడ్డది కాదు. పైపొర పలగ్గొట్టిన్రు. ఎవలు గుచ్చిన్రు?"

ఎస్తేరు నా దిక్కు చూడలేదు. "నేనే గుచ్చుకున్న డాక్టరమ్మా."

"తెలివున్నదా పిల్లా నీకు? ఇగ మందుతోని పూడదు, తొలిచి సిమెంటు పెట్టాలె. ఉపదేశిగారూ, బిడ్డకు జర బుద్ధి చెప్పుండ్రి."

"చెప్త," అన్నాను.

తొలిచేటప్పుడు దాని చేతులు నేనే గట్టిగా పట్టుకున్నాను. అరవలేదు. అబద్ధమాడేవాళ్ళు అగ్నిలో కాలిపోతారని మొన్న ఆదివారం చర్చిలో గొంతు చించుకున్నది నేనే. దవాఖానలో నోరు విప్పనిదీ నేనే.

ఇంటికి రాగానే తనంతట తానే వచ్చి నా ముందు నిలబడింది.

"అబద్ధమాడిన బాపూ. కొట్టు."

దేవుని వాక్యం తప్పేది లేదు. ఎడమ చెంప వాచి ఉంది కాబట్టి కుడి చెంప మీద కొట్టాను.