గుట్ట పైన ఆపిన బండి

వికారాబాద్,
12-2-1966

జంగప్పకు మీ బావ వ్రాసేది. నా గురించి ఫికర్ చేయవద్దు. వేళకు తింటున్నాను.

ఏ స్కూటరు రాయించుకోవాలని అడిగావు. నాలుగేండ్ల కింద నేను పేరు రాయించుకున్న స్కూటరుకు నా వంతు నంబరు, మీ అక్క దినాలు అయిన వారానికి వచ్చింది. మొన్న ఆదివారం పట్నం షాపు వాళ్లు రెండు రకాలూ ఇక్కడికి తెచ్చి నడిపి చూడమన్నారు.

చిన్నది తేలిక. గేరు సులువుగా పడుతుంది. కానీ మీ తాండూరు నాపరాళ్ల బజారులో వాన పడితే జారుతుందేమో. పెద్దది బరువు, గుంతల్లో కూడా ఒళ్లు అదరదు. దాని బలం చూడమని షాపులో పనిచేసే హనుమంతు నా వెనక కూర్చుని, అనంతగిరి గుట్ట ఎక్కించమన్నాడు.

నా పాత బండి ఇద్దరితో ఆ గుట్ట ఎక్కేది కాదు, నీకు తెలుసు. మీ అక్క కింద దిగి కాలిదారిన నడిచి వచ్చేది. నేను పైన బండి ఆపి చూసేవాణ్ని. ఈ పెద్దది ఎక్కడా ఆగకుండా మా ఇద్దరినీ పైకి తెచ్చింది. పైన నేనే ఆపేశాను. కాలిదారి వైపు చూస్తూ ఎంతసేపు ఉన్నానో తెలియదు.

"ఎందుకాపిండ్రు సార్? బండి మంచిగనే గుంజుతున్నది గద," అన్నాడు హనుమంతు.

"ఇంజన్ జర సల్లారనీ," అన్నాను. అది అసలు వేడెక్కనే లేదు.

నువ్వు పెద్దదే రాయించుకో. నీ వెనక కూర్చునే చెల్లె ఎక్కడా దిగి నడవవలసిన పని ఉండదు.

నేను చిన్నదానికి సంతకం పెట్టి వచ్చాను.

మీ బావ