వదిన పూలసజ్జ

మంగళవారం, సెమిలిగుడ.

ఈరోజు పేరంటానికి వచ్చిన పదిమంది ముందు మా ఆయన అక్క, రమణ వదిన, తనూ నేనూ కలిసి వెళ్లొచ్చిన ఇంగ్లండు టూరు కథ మళ్ళీ ఎత్తింది. "ఏటి సెప్పమంటారు, అంత పెద్ద దొరల తోటలో మా మరదలు పువ్వు తెంపీసింది! సిగ్గుతో సచ్చిపోనాను."

అందరూ నవ్వారు. నేను కాఫీలు పంచుతూ నిలబడ్డాను.

ఆ తోట ఎంత బాగుందో మాత్రం ఒక్కరికీ చెప్పదు. చెరువు చుట్టూ ఆకాశమంత చెట్లు, వాటి నీడలో కొండవాలంతా ఎర్రటి పూలపొదలు. కింద కుప్పలుగా రాలి ఉన్నాయి. రాలినవి దేవుడికి పనికిరావు కదా! బ్యాగులో ఉన్న వెంకన్న పటానికని కొమ్మ మీది పువ్వు ఒక్కటి కోశాను. తోటమాలి తల అడ్డంగా ఊపి ఊరుకున్నాడు. వదినే నన్ను అందరి ముందూ మొద్దు అని తిట్టి, అతనికి పదిసార్లు సారీ చెప్పింది.

అంత పరువుగల మనిషి రోజూ తెల్లారకముందే పక్కవీధి నుంచి సజ్జ పట్టుకొచ్చి, అడగకుండా మా పెరట్లో మందారాలన్నీ కోసుకుపోతుంది. మా దేవుడికి మొగ్గ కూడా మిగల్చదు. ఇన్నేళ్లూ నోరెత్తలేదు.

ఇప్పుడే వెళ్లి పెరటి గేటుకి తాళం వేసి వచ్చాను. పొద్దున్న పిలిస్తే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. "గోడ బయట రాలినవి ఉన్నాయి కదా వదినా, ఏరుకో."