ఒడ్డు చేరకముందే నిండిన బ్యాటరీ

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. ఈ పొద్దున నిజాంసాగర్‌లో మన పడవ బ్యాటరీ మీద గెలిచింది. ముందు నీకే చెప్పాలనిపించింది.

బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కాలని నువ్వు ఇంజిన్‌కు బిగించిన ఆ పాత జీపు ఆల్టర్నేటర్ తీసేశాను. తిట్టుకుంటే తిట్టుకో! వలలు తీసి ఒడ్డుకు వచ్చినా దానితో లైటు బ్యాటరీ నిండేది కాదు. నువ్వు పడవ దిగకుండా ఒడ్డు ముందు చక్కర్లు కొట్టేవాడివి. "ఇగ దిగవా, చాపలు ఖరాబైతయ్!" అని వదిన అరిస్తే, "జర ఆగే, బ్యాటరీ కడుపు నిండలే" అనేవాడివి.

మొన్నొక రాత్రి లైటు నడినీళ్లలోనే ఆరిపోయింది. భయపడి పడవ అమ్మేద్దామంది వదిన. నేను కామారెడ్డి వెళ్లి లారీ ఆల్టర్నేటర్, పెద్దది, తెచ్చి బిగించాను. ఇంజిన్ మెల్లగా నడిస్తే అదీ ఛార్జింగ్ ఎక్కించలేదు. నీ తమ్ముణ్ణి కదా, వదల్లేదు. దానికి చిన్న పుల్లీ, అదే బెల్టు చక్రం, వేయించాను. ఇప్పుడు ఇంజిన్ ఎంత నెమ్మదిగా నడిచినా అది గిరగిరా తిరుగుతుంది.

ఈరోజు ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే బ్యాటరీ మీటరు ముల్లు కొసకు చేరింది! పడవలో ఒక్కణ్ణే ఉన్నా గట్టిగా కేక పెట్టాను.

అయినా ఒడ్డు ముందు ఒక చక్కర్ కొట్టాను. వదిన మోకాలిలోతు నీళ్లలోకి వచ్చి నిలబడింది.

"ఏంది, గిది గూడ నింపలేదా?"

"ఎప్పుడో నిండింది వదినా. గిది అన్న చక్కర్."

చేపలు ఖరాబవుతాయని ఆమె అరవలేదు.

"ఇంకోటి కొట్టు" అంది.