రఘుపతి నడుము నొప్పి

రఘుపతికి, బెల్లంపల్లి నుంచి బాపు రాసేది. కోపం మీదున్న, అందుకే క్షేమం అడుగుత లేను.

నడుము పోయింది, బొగ్గు బాయి పనికి అన్‌ఫిట్ చెయ్యమని కంపెనీకి దరఖాస్తు పెట్టినవట. అన్‌ఫిట్ అయితే ఇంటోళ్ళకు వచ్చే నీ నౌకరి కాబోయే అల్లునికి ఇప్పిస్తనని పిలగాని వాళ్ళకు మాటిచ్చి, నీ బిడ్డ హర్షిణిని హైదరాబాదుల పరమాణువుల మీద చేస్తున్న చదువు ఆపి పెండ్లికి రమ్మన్నవట. మొన్న మీ బామ్మర్ది పెండ్లి బరాతుల డప్పుకు ఎగిరిన నడుమేనా అది?

పైగా పిల్లను ఎక్కిరించినవట, "మన రామగుండం ఎండల సల్లటి పరమాణువులు ఎందుకే?" అని. తెలువకపోతే అడగాలె. నేను హర్షిణినే అడిగిన. పరమాణువుకు వెలుగు తాకిస్తే వేల రెట్లు ఉబ్బుతదట. దాని దగ్గరికి కరెంటున్న అయాన్ వస్తే, తాకకుండనే దాని ఆకారం వంచి గుంజుతదట. వేడిల అన్నీ ఉరుకుతయి, ఆ గుంజుడు కండ్లకు దొరకది. లోకంల యాడ లేనంత సలి పెడితే నెమ్మదిస్తయట, అప్పుడు చూడొచ్చట. "ఇది ఇంకా ఎవ్వలకు పూర్తిగ తెలువది తాతా, నేను కొలుస్తున్న" అన్నది.

ఎవ్వలకు తెలువనిదాన్ని మనింటి పిల్ల కొలుస్తుంటే, నీ నౌకరి కోసం దాన్ని గుంజుకొస్తవా?

దరఖాస్తు వాపస్ తీసుకో. ఆదివారం పిలగాని వాళ్ళు వస్తే మీ క్వార్టర్ ముంగట నేనే కూసుంట, నేనే జవాబు చెప్త. హర్షిణి రాదు. రావద్దని ఫోన్‌ల చెప్పిన. "బాపు తిడ్తడు తాతా" అని ఏడ్చింది.

"మీ బాపుకు గూడ బాపు ఉన్నడని చెప్పు బిడ్డా" అన్న.