పైకి పోయిన గీత

కొత్తచెరువు,
మంగళవారం సాయంత్రం.

నా మాట నచ్చకపోతే "హలో, హలో, ఇనపడల్యా" అని ఫోను పెట్టేసే మా నాయనకు,

హేమ రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయడం నీ వల్ల కాదని ఉత్తరమే రాస్తున్నాను. పోస్టులో వేస్తే శుక్రవారంలోగా అందదు. అందుకని ధర్మవరం బస్సు కండక్టరు చేతికిచ్చి, మన ఊరి స్టాపులో టీ అంగడి నల్లమ్మత్తకు ఇవ్వమంటాను. ఆమె నీకిచ్చే ముందు తానొకసారి చదువుతుంది. చదవనీ. దాచిపెట్టుకుని దాచిపెట్టుకుని నాకే విసుగొచ్చింది.

శుక్రవారం నువ్వు గుట్టకిందపల్లెకు బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూపించడానికి పోతున్నావు కదా. నిన్ను పిలిచిన ఈరన్న కూతురు పద్మప్రియ నా దగ్గర తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ పల్లె పిల్లలంతా రెండు కిలోమీటర్లు నడిచి మా హైస్కూలుకే వస్తారు. నువ్వు నా నాయనవని ఈరన్నకు తెలియదు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత రాస్తాను. ముందు అసలు తప్పు ఎక్కడ జరిగిందో విను. ఆయన నిన్ను పిలవడానికి కారణం నేనే.

ఈ ఏడాది సాంఖ్యక శాస్త్రం పాఠాన్ని పుస్తకంలో ఉన్న లెక్కలతో చెప్పకూడదనుకున్నాను. ఆ లెక్కల్లో ఎప్పుడు చూసినా ఎవడో ఒకడు క్రికెట్టు పరుగులు తీస్తుంటాడు. వాడి పరుగుల సగటు తెలిస్తే మా పిల్లలకు ఒరిగేదేముంది? గుట్టకిందపల్లె మొదట్లో తాళం వేసిన ఇనుప గొట్టం ఒకటి ఉంది. పిల్లలు దానికి మేకల్ని కట్టేస్తారు. అది భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో కొలిచే గొట్టమనీ, నెలనెలా కొలిచిన అంకెను ప్రభుత్వం వెబ్‌సైట్లో పెడుతుందనీ, దాన్ని ఎవరైనా చూడొచ్చనీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. "ఆఫీసోళ్లు తిట్టరా మేడం?" అని అడిగింది పద్మప్రియ. "అవి మీ ఊరి నీళ్ల అంకెలు. ఎవరు తిడతారో నేనూ చూస్తా" అన్నాను.

శనివారం కంప్యూటరు గదిలో కూర్చుని ఐదేళ్ల అంకెలు దించుకున్నాం. ఏటా మే నెలలో కొలిచిన అంకె ఒక్కటి తీసుకుని, గోడ మీద చార్టులో చుక్కలు పెట్టించాను. పద్నాలుగు, పంతొమ్మిది, ఇరవైఏడు, ముప్పైఎనిమిది, యాభైరెండు. చుక్కలు కలిపితే గీత పైపైకి పోయింది. ఇక చూడు, "నీళ్లు పైకొస్తాండాయి!" అని పిల్లలు బెంచీలెక్కి ఒకటే గంతులు. నాయనా, నేను కూడా చప్పట్లు కొట్టాను! పన్నెండేళ్లుగా లెక్కలు చెప్తున్నదాన్ని, అంకెల పైన ఏం రాసి ఉందో చదవకుండా చప్పట్లు కొట్టాను. ఈ నేల మీద పుట్టినవాళ్లకు నీళ్లు పైకొస్తున్నాయంటే చాలు, ఇంకేమీ చదవబుద్ధి కాదు.

ఆదివారం అన్నం తింటూ ఆ కాగితం మళ్లీ చూశాను. అంకెల పైన "నేలమట్టం నుంచి నీటి వరకు లోతు, మీటర్లలో" అని ఉంది. లోతు! అంకె పెరిగిందంటే నీళ్లు దిగిపోయాయని అర్థం. ఐదేళ్ల కిందట పద్నాలుగు మీటర్లలో ఉన్న నీళ్లు ఇప్పుడు యాభైరెండు మీటర్ల కిందికి పోయాయి. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

సోమవారం క్లాసులో నేలను చార్టు పైభాగాన గీసి, అంకెల్ని కిందికి రాసి, గీతను మళ్లీ గీయించాను. "తప్పు నాది. చదవకుండా చప్పట్లు కొట్టాను" అని చెప్పాను. టీచరు తప్పు ఒప్పుకుంటే పిల్లలకు పండగే కదా, అందరూ నవ్వారు. పద్మప్రియ మాత్రం నవ్వలేదు. "మేడం, నేను మా నాయనకు చెప్పేసినా. బోరు ఏపిస్తానన్నాడు. గొర్రెల్ని శనివారం సంతకు తోల్తాండాడు" అంది. ఇరవైఆరు గొర్రెలు, నాయనా. ఆ ఇంటికి ఉన్న ఆధారం అవే. పాయింటు చూపించడానికి ఎవరొస్తున్నారని అడిగాను. "టెంకాయ కుళ్లాయప్పంట" అంది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచి, అది లేచి నిలబడిన చోట బోరు వేయమనే నువ్వే, నాయనా.

మాటలతో చెప్తే ఈరన్న వినడని తెలుసు. నీలాంటి వాడే. బావులు ఎండిపోయాక ఆ పల్లెలో ప్రతి ఇంట్లోనూ చేదతాడు అటక మీద పడి ఉంది. సాయంత్రం బడి వదలగానే పిల్లలు ఎనిమిది ఇళ్ల తాళ్లు దించి, దుమ్ము దులిపి, ఒకదానికొకటి ముడేశారు. ఆ గొట్టం దగ్గర మొదలుపెట్టి తాడును వీధి పొడుగునా పరిచాం. ఐదేళ్ల కిందటి నీళ్లు రెండో ఇంటి అరుగు దగ్గర. ఇప్పటి నీళ్లు వీధి చివర ఈరన్న గొర్రెల దొడ్డి దగ్గర. ఆడవాళ్లు తాడు వెంబడి నడిచి చూసి ముక్కున వేలేసుకున్నారు. అంతటితో ఊరుకోకుండా పిల్లలు ఇంటింటికీ తిరిగి, మూడేళ్లలో వేసిన కొత్త బోర్లెన్నో అడిగి రాసుకొచ్చారు. పదకొండు. నీళ్లు పడినవి రెండు.

ఈరన్న అంతా ఓపిగ్గా విన్నాడు. "తాడు బాగుండాది టీచరమ్మా. కానీ ఆ గొట్టానికేం తెలుస్తాది? అది ఉండే చోటే చెప్తాది. నా చేను సంగతి దానికెట్ల తెలుస్తాది?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనలేను. మరి పదకొండు బోర్ల సంగతేమిటన్నాను. "వాటిల్లో ఒక్కటన్నా కుళ్లాయప్పన్న సూపిచ్చినాడా? ఆయన చేతిలో టెంకాయ లేసిందంటే నీళ్లు ఉండాయనే" అన్నాడు.

అప్పుడు చెప్పాలి నేను. ఆయన మా నాయనే, ఆయన లెక్క నా దగ్గరుందని చెప్పాలి. నోరు రాలేదు.

అవును నాయనా, నీ లెక్క నా దగ్గరుంది. నా పక్కన కూర్చుని పదో తరగతి చదివిన రామాంజినమ్మ గుర్తుందా? వాళ్ల చేన్లో నువ్వు చూపించిన చోట మూడుసార్లు బోరు వేస్తే మూడుసార్లూ దుమ్మే లేచింది. పరీక్షలకు ముందే ఇంటిల్లిపాదీ మూటలు కట్టుకుని బెంగళూరు బస్సెక్కారు. ఎక్కుతూ అది నన్నొక మాట అడిగింది. "మీ నాయన తెలిసే చెప్పినాడా, తెలీక చెప్పినాడా హేమా?" నేను జవాబు చెప్పలేదు. ఆ రోజే రఫ్ నోటు వెనక రాయడం మొదలుపెట్టాను. ఉద్యోగం వచ్చి ఊరు వదిలే దాకా రాశాను. మన ఊళ్లో నువ్వు చూపించిన బోర్లు నలభైఒకటి, నీళ్లు పడినవి పదహారు. నిన్ను అడక్కుండా జనం తోచిన చోట వేసుకున్నవి ముప్పై, పడినవి పన్నెండు. వందకు లెక్క కడితే రెండూ నలభై దగ్గరే నిలబడతాయి. నువ్వు చూపినా చూపకపోయినా ఒకటే, నాయనా. ఈ ఒక్క వాక్యం నీకు రాయడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

నువ్వు మోసగాడివని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక తువ్వాలు, టెంకాయ తప్ప నువ్వు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవు. కానీ నీ కూతురినని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. నిన్న నోరు రానిది అందుకే. ఇది చదివి నువ్వు బాధపడతావని తెలుసు. పడు. నేనూ పడ్డాను.

శుక్రవారం నాకు పుట్టపర్తిలో ట్రైనింగు ఉంది, ఊళ్లో ఉండను. నిన్ను రావద్దని అనడం లేదు. వచ్చి ఈరన్నకు ఏం చెప్తావో నీ ఇష్టం. ఆ గొర్రెలు సంతకు పోతాయా, దొడ్లో ఉంటాయా అన్నది నీ నోటి మాట మీద ఉంది. నువ్వేం చెప్పినా సోమవారం పొద్దున ఆ నలభైఒక్క బోర్ల లెక్కను పిల్లల ముందు పెడతాను. నీ పేరు రాయను, "పాయింటు చూపించే ఒకాయన" అని రాస్తాను. అంకెలు మాత్రం దాచను. అందరి అంకెలూ అడగండని పిల్లలకు నేర్పి, మా ఇంటి అంకెల్ని అటక మీద పెట్టుకుంటే నేనేం టీచర్ని? కోపమొస్తే ఫోను చెయ్యి. నేను పెట్టేయను.

నీ మొండితనమే వచ్చిన కూతురు,
హేమావతి.


మీ ఇస్కూలు,
శుక్రవారం మద్యానం.

నాయన లెక్క ఇరవై ఏండ్లు మోసిన నా తల్లికి,

పుస్తకం బాస నాకు రాదు పాపా, మాట్లాడినట్టే రాస్తాండా. నీ కుర్చీలో కూచోని రాస్తాండా. మీ హెడ్మాస్టరు లక్ష్మీపతి సారు కూచోమన్న్యాడు, కాగితం కూడా ఆయప్పే ఇచ్చినాడు.

నీ ఉత్తరం నల్లమ్మ మూడు మార్లన్నా చదివింటాది. ఇచ్చేటప్పుడు టీకి దుడ్లు తీసుకోల్యా. అప్పుడే అనుకొంటి, దీంట్లో ఏందో ఉండాదని. చదివితే కోపమొచ్చింది, అబద్దమెందుకు. ఒక పూట సంగటి తినల్యా. "ఆ పిల్ల నీ మాదిరే ఉండాది, ఎవురి మీద నీ కోపం?" అని మీయమ్మ అరిచినంక తిన్న్యా.

పొద్దున ఈరన్న చేన్లోకి పోయినా. టెంకాయ అరచేతిలో పెట్టుకొని నడిస్తి. తూర్పు గట్టు కాడ లేచి నిలబడింది. నేను లేపల్యా హేమా, నీ మీద ఆన, అదే లేచింది. ఇన్నేండ్లూ అట్లే లేస్తాండాది. ఎందుకు లేస్తాదో నాకు తెలీదు. ఈరన్న సున్నంతో గుర్తు పెట్టనీకి వంగినాడు. నేను ఆయప్ప చెయ్యి పట్టుకొంటి. "ఉండప్పా. టెంకాయ లేచింది నిజమే. ఇది లేచిన చోట్లల్లో మూడిట్లో రెండు ఎండినాయి, అది గూడా నిజమే. గొర్రెల్ని అమ్మొద్దు" అంటి. "ఏమన్నా, నువ్వే ఇట్ల మాట్లాడితే ఎట్ల?" అన్న్యాడు. "నేను మీ టీచరమ్మ నాయన్ని. నాకు లెక్క ఆయమ్మ నేర్పించింది" అంటి. ఆ పాప పద్మప్రియ నోరు తెరుచుకొని చూస్తా నిలబడింది. ఈరన్న చేతిలో సున్నం కింద పారేసినాడు. ఆమీట దొడ్డి కాడికి పోయి, గొర్రెల కొమ్ములకు సంతకని పూసిన రంగు తడిగుడ్డతో తుడిచినాడు. రేపు గొర్రెలు యాడికీ పోవు.

ఇంగొక మాట. నీ లెక్క తప్పు పాపా. నలభైఒకటి మనూరివే. నేను ఇరవైఏడు ఊర్లు తిరిగినా. మీయమ్మ పొయ్యిలోకి అడిగినా నేనియ్యని పాత క్యాలెండర్లు ఉండాయి చూడు, పెట్టెలో మూటగట్టినవి. ప్రతి పాయింటూ ఆ తేదీ గడిలో రాసినా. ఊరు, పేరు, ఎన్నడుగులు, పడిందా ఎండిందా. ముప్పైరెండేండ్లవి. రాస్తా వొచ్చినా గానీ ఎప్పుడూ కూడల్యా. కూడాలంటే బయమయ్యేది. నీ ఉత్తరం వొచ్చినంక కూచోని కూడినా. రెండునూర్ల పన్నెండు. నీళ్లు పడినవి డెబ్బైనాలుగు.

ఆ మూట తెచ్చినా. నీ బల్ల మీదుండాది.

మీ పిల్లోల్లు గట్టోల్లు. తాడు చూపించినారు, ఒక ముడి వదులైంటే నేనే బిగించినా. మూట ఇప్పినంక పద్మప్రియ అడిగింది, "తాతా, నీళ్లు పడినవి యా ఏండ్లల్లో పడినాయి?" అని. నేను ఎప్పుడూ చూడల్యా. తిప్పి చూస్తే శానా మటుకు వాన బాగా కురిసిన ఏండ్లే. "అయితే నీళ్లు చూపించింది టెంకాయా, వానా?" అనింది. వాన లెక్క గూడా గవర్నమెంటు పెడ్తాదంట కదా, రెండూ పక్కపక్కన పెట్టి మీరే కనుక్కోండి అంటి. నాక్కూడా తెలుసుకోవాలనుండాది.

పేరు రాయనంటివే, అదొక్కటి నాకు నచ్చల్యా. "ఒకాయన" ఏంది? టెంకాయ కుళ్లాయప్ప అని పెద్ద అచ్చరాల్లో రాయించు. పేరు లేని లెక్క ఎవురు నమ్ముతారు?

రామాంజినమ్మ అడిగిన మాటకు నువ్వు జవాబు చెప్పలేదంటివి. అది నిన్ను అడగాల్సింది కాదు, నన్ను అడగాల్సింది. మొదటి బోరు తెలీక చెప్పినా. రెండోది గూడా తెలీకనే. మూడోది మాత్రం, నాకు తెలీదని ఒప్పుకోనీకి సిగ్గయి చెప్పినా. ఆ మూడు బోర్లు రాసిన క్యాలెండరు కాగితాలు మూట మీద పైన పెట్టినా. సోమవారం పిల్లోల్లతో అవే ముందు చదివించు. రామాంజినమ్మ ఫోను నంబరు సంపాదించి నాకియ్యి. ఏమన్నా అననీ, ఇనపడల్యా అని పెట్టేయను.

మీ నాయన,
కుళ్లాయప్ప.