ఓనరు సెలవివ్వలేదు

ఇదిగో, నువ్వు లేచేసరికి నేను షాపులో ఉంటాను. పాప నాటకానికి కుందేలు చెవులు కుర్చీ మీద పెట్టాను. ఎడమది వాలిపోతోంది, పిన్ను పెట్టు. నువ్వొక్కదానివే తీసుకెళ్లాలి. ప్రింటింగ్ మిషను మళ్లీ మొరాయించింది, సాయంత్రానికి ఆర్డరు ఇచ్చి తీరాలి.

పొద్దున్నే నిద్రమత్తులో పాత మేనేజరుకి ఫోన్ చేసి, "సార్, ఇవాళ సెలవు కావాలి, పాప నాటకం" అనేశాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఉద్యోగం మానేశావు కదయ్యా! ఇప్పుడు నువ్వే ఓనరువి, ఇచ్చేసుకో" అన్నాడు. సొంత షాపు పెడితే సెలవుకి ఎవర్నీ బతిమాలక్కర్లేదని నీ దగ్గర ఎన్ని గొప్పలు పోయాను! ఆయన్ని అంత తిట్టుకున్నానా, పాప పేరు చెప్తే ఒక్కసారీ కాదనలేదు.

పాలు కాచి మూత పెట్టాను.

పాప అడిగితే, నాన్నకి ఓనరు సెలవివ్వలేదని చెప్పు. అబద్ధమేం కాదుగా.